తలుపు తెరిచిన లెక్క

నమోదు 1187. గాలి 9. ఎండ బాగుంది.

పొద్దున్నే సోలార్ పలకలు కడిగాను. నూట పన్నెండు పలకలు, ఒక్కోదాని మీద చెంచాడు ఉప్పు. కడగకపోతే లెక్క కట్టే మెషీన్లకు కరెంటు చాలదు. మెషీన్లు నడవకపోతే గాలి లెక్క లేదు. గాలి లెక్క లేకపోతే ఎర్రమెట్ట మీద ఉన్న ఆరు వందల పదకొండు మందికి తుఫానులో పెద్దిల్లు కప్పు కింద కూర్చునే ధైర్యం లేదు. అందుకని ఊళ్లో నాకు మర్యాద బాగానే ఉంది. పలకలు కడగడానికి మాత్రం ఒక్కరూ రారు.

ఈ పుస్తకం నా తరవాత లెక్క కట్టేవాళ్ల కోసం. మా మాస్టారు పోతూ పోతూ పెట్టిన షరతు ఒక్కటే. ఏం చేశావో రాయి, ఏమనుకుని చేశావో కూడా రాయి. ఆయన మాత్రం రెండోది ఎప్పుడూ రాయలేదు. ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులు.

పోయిన నెల తుఫాను లెక్క మళ్లీ చూసుకున్నాను. ఆ రోజు గాలి యాభై రెండు దాకా వెళ్లింది, అంటే సెకనుకి యాభై రెండు మీటర్లు. ఆ గాలి పెద్దిల్లు కప్పుని రెండు వందల నలభై టన్నుల బలంతో పైకి పీకి ఉండాలని మెషీన్లు చెప్పాయి. కప్పుని నేలకు పట్టి ఉంచే ఇనప కట్లు ఎనిమిది వందల యాభై దాకా ఓర్చుకుంటాయి. బోలెడంత వెసులుబాటు ఉంది. నిశ్చింతగా అన్నం తిన్నాను.

నమోదు 1188. గాలి 11. ఎండ.

మాసేనమ్మ వచ్చింది. మా తమ్ముడు దానేసు పెళ్లాం. పెద్దిల్లు కట్లు చూసుకునే పని ఆమెదే. మొత్తం అరవై నాలుగు కట్లు. ప్రతి కట్టు నట్టు కింద ఒక సీసం బిళ్ల ఉంటుంది. కట్టు మీద ఎంత లాగు పడితే బిళ్ల అంత నలుగుతుంది. తుఫాను పోగానే ఆమె వాటిని విప్పి, మందం కొలిచి, కొత్తవి వేస్తుంది. ఆ పాత బిళ్లలన్నీ డబ్బాలో తెచ్చి నా బల్ల మీద బోర్లించింది.

“నీ లెక్క తప్పు ఒదినా,” అంది, కూర్చోకుండానే.

“ఏ లెక్క?”

“పోయిన తుపానుది. నువ్వు రెండొందల నలభై అన్నావు. నా బిళ్లలు నాలుగొందల నలభై అంతన్నాయి.”

“సీసం పాతదేమో.”

“నాను పోసిన సీసం. దానికి అబద్దమాడ్డం రాదు. నీ మెషీన్లకి వొచ్చేమో నాకు తెల్దు.”

ఒళ్లు మండింది. పదహారేళ్లుగా ఈ పని చేస్తున్నాను. సుత్తి, రెంచి పట్టుకు తిరిగే మనిషి వచ్చి నా లెక్క తప్పంటుంది. ఆమె వెళ్లాక తలుపేసుకుని బిళ్లలన్నీ నేనే కొలిచాను. ఆమె కొలతలో గీటు తేడా లేదు.

నమోదు 1190. గాలి 10. ఎండ.

రెండు రోజులుగా తప్పు వెతుకుతున్నాను. ఇంటి చుట్టూ ఉన్న గాలినంతా చిన్న చిన్న గడులుగా కోస్తే వల లాంటి ఒక జాలి అవుతుంది. ప్రతి గడిలో గాలి వేగమెంత, ఒత్తిడి ఎంత అన్నది మెషీన్లు కడతాయి. ఆ జాలిని ఇంకా సన్నగా కోశాను. తేడా లేదు. నేల దగ్గర గాలి మందగించే తీరు మార్చాను. తేడా లేదు. మెమరీ చాలక సగం ఇల్లే గీసి, వచ్చిన బలాన్ని రెండింతలు చేస్తాం. రెండింతలు చేయడం మరిచానేమో చూశాను. మరవలేదు. మరిచి ఉంటే బాగుండేది, కాస్త సిగ్గుపడితే పోయేది.

మధ్యాహ్నం దానేసు ఎండుచేపలు పట్టుకొచ్చాడు. తుఫాను వేళ తాడు మనిషి వాడే. తాడు ఒక కొస పెద్దిల్లు తలుపు లోపల ఉంటుంది, రెండో కొస వాడి నడుముకి ఉంటుంది. పడవలు ఒడ్డుకి లాగి ఆలస్యంగా వచ్చేవాళ్లని ఆ తాడు వెంట నడిపించుకొస్తాడు.

“మీ ఆవిడ నన్ను అబద్ధాలకోరుని చేసింది,” అన్నాను.

“నన్ను రోజూ సేత్తాది. నువ్వొక్క రోజుకే అలిగిపోతే ఎలాగప్పా?” అని ఈ అక్కని చూసి నవ్వాడు. చేప ముక్క నములుతూ, “పోయిన తుపానికి తలుపు కాడ నిలబడలేకపోనాను. గాలి లోపలికి ఈడ్సీసినాది. లోపల పిల్లలందరూ సెవులు దిమ్మెక్కిపోనాయని ఒకటే ఏడుపు” అన్నాడు.

“ఎప్పుడు?”

“తలుపు తీసున్నంతసేపూ. ఏసినాక తగ్గినాది.”

ఎండుచేప అలాగే వదిలేసి మెషీను దగ్గరికి పరిగెత్తాను.

నేను వాడే బొమ్మలో పెద్దిల్లు తలుపు మూసి ఉంది. మాస్టారు గీసిన బొమ్మ. బొమ్మల్లో తలుపులు మూసే గీస్తారు. గాలి బలం ఏయే తలాల మీద కూడాలో మెషీనుకి ఒక జాబితా ఇవ్వాలి. జాబితాలో లేని తలాన్ని అది లెక్కలోకి తీసుకోదు. మా జాబితాలో కప్పు పైముఖం ఉంది. లోపలి ముఖం లేదు. మూసిన ఇంట్లో గాలి తొయ్యదు, దాన్ని కూడే పనిలేదు అని ఆయన అనుకున్నాడు. అనుకున్నది రాయలేదు. పదహారేళ్లలో నేనూ అడగలేదు.

మా తలుపేమో మూసి ఉండదు. ముప్పై ఏళ్ల కింద ఒకసారి తలుపు ముందే వేశారు. ఇరవై ఇద్దరు బయట ఉండిపోయారు. అప్పటి నుంచి ఈ ఊరికి ఒకటే కట్టుబాటు: తలలు తీరాకే తలుపు. ఆఖరి తల లోపలికొచ్చి లెక్క పూర్తయ్యేదాకా తూర్పు తలుపు బార్లా తీసి ఉంటుంది. సముద్రం ఉన్నది ఆ వైపే, తుఫాను వచ్చేదీ ఆ వైపే.

నమోదు 1192. గాలి 14. మబ్బు.

తలుపు తీసి, లోపలి ముఖాన్ని జాబితాలో చేర్చి లెక్క నడిపాను. యాభై రెండు గాలికి నాలుగు వందల యాభై టన్నులు. మాసేనమ్మ సీసం చెప్పింది నాలుగు వందల నలభై. తప్పు దొరికిందన్న సంతోషం చెంబుడు నీళ్లు తాగేంతసేపు ఉంది. ఆ తరవాత గాలి పెంచుకుంటూ పోయాను. పై నుంచి గాలి పీకుతుంది, కింద నుంచి గాలి తోస్తుంది. డెబ్బై రెండు దగ్గర కప్పు మీద ఎనిమిది వందల యాభై పడింది. కట్లు తెగే బరువు అదే.

తలుపు మూసి ఉంటే అదే కప్పు తొంభై అయిదు గాలికీ నిలుస్తుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు, రేడియో ఈ సాయంత్రమే చెప్పింది. ఎనిమిది రోజుల్లో తుఫాను. గాలి ఎనభై.

నమోదు 1193. గాలి 15. మబ్బు.

పెద్దల దగ్గర చెప్పాను. ఊరి పెద్ద తాతారావు మావ నా మాట పూర్తి కానివ్వలేదు.

“తలలు తీరకుండా తలుపెయ్యడమా? ఆ మాట ఈ గడప మీద అనకు.”

“తలుపు తీసుంటే ఇల్లు బూరలాగా ఉబ్బుతాది మావా. డెబ్బై రెండు దాటితే కప్పు ఎగిరిపోతాది. లోపలున్నోళ్లు ఒక్కరు మిగలరు.”

“ముప్పై యేళ్లై తీసే ఉంచినాం. ఎగిరిందా?”

“ముప్పై యేళ్ల కింద అరవై గాలంటే ఊళ్లన్నీ సెప్పుకునేవోరు. ఇప్పుడు నెలకోసారి సూత్తన్నాం.”

ఆయన మాసేనమ్మ వైపు చూశాడు, ఆమె అయినా కాదంటుందేమోనని. ఆమె బిళ్లల డబ్బా ఆయన ముందు పెట్టింది. నేను ఆమెకి దండం పెట్టాల్సింది, పెట్టలేదు.

పక్క గోడకి తలుపంత కన్నం పెడితే లోపలి గాలి బయటికి పోయి ఒత్తిడి సగానికి సగం తగ్గుతుందని కూడా చెప్పాను. గోడ మూడడుగుల కాంక్రీటు. అయినా రేపటి నుంచి కొట్టాలని తేల్చారు. కన్నం పూర్తి కాకపోతే, గాలి ఒక అంకె చేరగానే తలలు తీరకపోయినా తలుపు వెయ్యాలని తాతారావు మావ కూడా చివరికి ఒప్పుకున్నాడు. అంకె ఎంత పెట్టాలని దానేసు అడిగాడు. తాడు మీద బయట ఉండేది వాడే మరి.

డెబ్బై రెండు అని నా దగ్గర ఉంది. కానీ మబ్బు పట్టి కరెంటు లేక ముతక జాలితో కట్టిన లెక్క అది. కట్లకు తుప్పు ఉంది. నిమిషం సగటుని మించి విసుర్లు వస్తాయి. వీటన్నిటికీ నాలుగు తీసేశాను.

“అరవై ఎనిమిది,” అన్నాను.

“డెబ్బై అనప్పా, నోటికి సులువు,” అన్నాడు దానేసు.

అందరూ నవ్వారు. నేను అరవై ఎనిమిదే రాశాను. నా పేరు కింద నలుగురి చేతా వేలిముద్రలు వేయించాను, దానేసు చేత కూడా.

నమోదు 1198. గాలి 24. వాన జల్లు.

అయిదు రోజులుగా గోడ కొడుతున్నారు. ఊళ్లో ఉన్న ఉలులన్నీ మొండివైపోయాయి. మనిషి దూరేంత కన్నం పడింది. తలుపు దానికి పన్నెండింతలు. ఆ కన్నం పెట్టి లెక్క నడిపితే అంకె మారలేదు. కొట్టేవాళ్లకి ఆ సంగతి చెప్పలేదు. ఎంతైనా ఉపయోగమే అన్నాను. ఈ పుస్తకంలో అబద్ధం రాయలేదు, బయట మాత్రం మొదటిసారి ఆడాను.

నమోదు 1200. రెండు రోజుల తరవాత రాస్తున్నాను.

తుఫాను చెప్పినదానికంటే నాలుగు గంటలు ముందు, పొద్దున తొమ్మిదికి వచ్చింది. పడవలు సగమే పైకి లాగారు. అవి పోతే తిండి లేదు, అందుకని నలుగురు వాటిని వదిలి రాలేదు. దానేసు తాడు కట్టుకుని వాళ్ల కోసం దిగాడు. లోపల ఆరు వందల ఆరు తలలు. తాతారావు మావ తలుపు కొక్కెం దగ్గర నిలబడ్డాడు. అది పైనుంచి జారే ఇనప తలుపు, కొక్కెం తీస్తే తన బరువుకే పడుతుంది. గాలి డయలు నా చేతిలో ఉంది. తాడు లోపలి కొస మాసేనమ్మ పట్టుకుంది.

అరవై దాటాక చెవులు మూసుకుపోయాయి. కప్పు నుంచి మూలుగు మొదలైంది. తలుపులోంచి చూస్తే కింద మలుపు దగ్గర అయిదుగురూ కనిపించారు. పాకుతూ వస్తున్నారు. నలభై అడుగులు ఉంటుంది.

“అరవై ఎనిమిది,” అన్నాను.

తాతారావు మావకి వినపడింది. “మళ్లీ సూడు,” అన్నాడు.

“అరవై ఎనిమిది, మావా.”

“వొచ్చీసినారు తల్లీ. అదిగో, వొచ్చీసినారు.”

ఆయన చెయ్యి కొక్కెం మీద ఉంది, కదల్లేదు. ఆయన్ని తప్పు పట్టను. ఆయన సొంత అన్న ఆ ఇరవై ఇద్దరిలో ఒకడు. ఆయన చెయ్యి తోసేసి కొక్కెం నేనే తీశాను.

తలుపు పడింది. చెవులు తెరుచుకున్నాయి, కప్పు మూలుగు ఆగింది. చిన్నపిల్లలు ఏడుపు మానేశారు. తాడు తలుపు కింద గడపరాయి గాడిలో ఉంది, నలిగింది గాని తెగలేదు. లోపలి కొస మాసేనమ్మ చేతిలో కదులుతూనే ఉంది. దాన్ని పట్టుకుని వాళ్లు పైకి వస్తున్నారు. ఆమె తాడు వంకే చూస్తోంది. నేను డయలు వంక చూస్తున్నాను. అరవై ఏడు, అరవై తొమ్మిది, అరవై ఎనిమిది.

కాసేపటికి తాడు మూడుసార్లు లాగింది. మూడు లాగులంటే వచ్చాం, అందుకోండి అని.

“తలుపు తియ్యొదినా,” అంది మాసేనమ్మ. అరవలేదు.

డయలు అరవై తొమ్మిది చూపిస్తోంది. తలుపెత్తడానికి చక్రం తిప్పాలి, నిమిషం పడుతుంది. వాళ్లు లోపలికి రావడానికి ఇంకో నిమిషం.

తియ్యలేదు.

మళ్లీ మూడుసార్లు లాగింది. ఆమె చక్రం దగ్గరికి వెళ్లబోతే ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు, ఒకావిడ చంకలో పసిపిల్ల ఉంది. డయలు డెబ్బై ఒకటి చూపించింది. ఇంకో రెండు నిమిషాలకి డెబ్బై అయిదు. పావుగంటలో ఎనభై ఒకటి. తాడు ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు. మాసేనమ్మ చూసింది.

నమోదు 1201. గాలి 7. ఎండ.

దానేసు తలుపు బయటే గడపరాయి పక్కన దొరికాడు. ఇద్దరు కింద రాళ్లలో దొరికారు. ఇద్దరు దొరకలేదు. వాడి ముఖం నేనే తుడిచాను. మాసేనమ్మ నన్ను వద్దనలేదు, నా వంక చూడనూ లేదు. నాకంటే పదకొండేళ్లు చిన్నవాడు. వాడికి నడక నేర్పింది నేను.

ఊళ్లోవాళ్లు నాకు అన్నం వండి పంపుతున్నారు. పిల్లల తల్లులు గుమ్మం దాకా వచ్చి దండం పెట్టి పోతున్నారు. వాళ్లు కనపడగానే బాల్చీ పట్టుకుని పలకల దగ్గరికి పోతున్నాను.

నమోదు 1211. గాలి 8. ఎండ.

పది రోజులు మంచి ఎండ. తలుపు తెరిచిన లెక్కని సన్న జాలితో మళ్లీ నడిపాను. కప్పు నిలిచేది డెబ్బై రెండున్నర దాకా. ముతక జాలి నిజమే చెప్పింది. నేనే నమ్మలేదు.

ఎనభై ఒకటికి తలుపు తీసి ఉంటే వెయ్యి టన్నులు దాటేది, ఒక్కరం మిగిలేవాళ్లం కాదు. ఈ మాట ఊరందరికీ చెప్పొచ్చు. నిజమే గనక అందరూ ఒప్పుకుంటారు. కానీ వాడు తాడు లాగినప్పుడు గాలి ఎనభై ఒకటి కాదు. నేను చక్రం తిప్పి ఉంటే వాళ్లు లోపలికొచ్చి తలుపు మళ్లీ పడేదాకా గాలి డెబ్బై ఒకటి దాటలేదు. డయలు తనంతట గీసే కాగితం మీద గీత ఉంది. ఎన్నిసార్లు చూసినా ఆ గీత మారదు.

నమోదు 1212. గాలి 8. ఎండ.

మాసేనమ్మ వచ్చింది. చేతిలో బిళ్లల డబ్బా. మొగుడు పోయిన పదకొండో రోజుకే అరవై నాలుగు కట్లూ విప్పి కొలిచింది.

“ఏడొందల యాభై,” అంది.

తలుపు పడే ముందు అరవై ఎనిమిదికి, సన్న జాలితో నా లెక్క ఏడు వందల నలభై ఎనిమిది; తలుపు మూశాక ఎనభై ఒకటికీ అంత పడదు. ఆ మాట చెప్పాను.

“ఈపాలి కలిసినాది,” అంది. ఈసారి కూర్చుంది. “తలుపు తీసుంటే కట్లు తెగేదెంత? సన్న లెక్కలో.”

“డెబ్బై రెండున్నర.”

“ఆడు తాడు లాగినప్పుడు?”

“అరవై తొమ్మిది.”

“తీసుంటే, ఆళ్లు లోపలికొచ్చి తలుపు మళ్లీ పడేదాకా?”

“డెబ్బై ఒకటి.”

పలకల మీద కాకి వాలితే ఆమె దాని వంక చూసింది. నేను ఏడ్చాను. అప్పటిదాకా ఏడవలేదు. ఆమె నన్ను ఓదార్చలేదు, లేచి పోనూ లేదు.

“అప్పుడు నీకిది తెల్దు,” అంది చివరికి.

“తెల్దు.”

“మళ్లీ తుపాను ఎప్పుడు?”

“పన్నెండు రోజులు.”

“గోడ కన్నం?”

“అప్పటికి కాదు. ఉలులు లేవు.”

“తాతారావు మావ డెబ్బై రెండు రాయించాలని సూత్తన్నాడు. ఊరంతా అదే మాట. నువ్వేటి రాస్తావు?”

నేనూ అదే ఆలోచిస్తున్నాను, రాత్రీ పగలూ. డెబ్బై రెండు రాసి ఉంటే ఆ రోజు వాడు బతికేవాడు. ఇప్పుడు రాస్తే, ఇంకో రోజు ఒక విసురు డెబ్బై మూడై వస్తే ఆరు వందల మంది పోతారు. అరవై ఎనిమిదే రాస్తే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ ఎవరో గడప బయట ఉండిపోతారు, మళ్లీ ఎవరిదో తాడు లాగుతుంది.

“అరవై ఎనిమిది,” అన్నాను.

ఆమె తల ఊపింది. డబ్బా మూత పెట్టి లేచింది. “కొక్కెం కాడ నాను నిలబడతాను. ఆ ముసలోడి సేత కాదు. అరవై ఎనిమిది అంటే అరవై ఎనిమిదే, ఒక్కటి ముందూ కాదు, ఎనకా కాదు,” అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “డయలు సూడ్డం ఎవులికైనా వొచ్చు. తాడు నడుముకి నువ్వు కట్టుకో ఒదినా.”

సరే అన్నాను. ఆలోచించి అన్నది కాదు. అంతకంటే తక్కువ ఏం చెప్పినా ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని.

నమోదు 1213. గాలి 9. ఎండ.

బోర్డు మీద అరవై ఎనిమిది రాశాను. దాని కింద డెబ్బై రెండున్నర అని కూడా రాశాను. మధ్యలో ఉన్నది నా భయమని అందరికీ తెలియాలి.

నా తరవాత లెక్క కట్టేవాళ్లకి: తలుపు తెరిచి ఉన్నట్టే బొమ్మ గియ్యండి. కప్పు లోపలి ముఖాన్ని జాబితాలో చేర్చండి. ఏమనుకున్నారో ప్రతిసారీ రాయండి. పలకలు రోజూ కడగండి.

సాయంత్రం మెట్ట దారిలో తాడు కట్టుకుని కిందికి దిగి, పాకుతూ పైకి వచ్చి చూసుకున్నాను. మలుపు నుంచి గడప దాకా గాలి లేనప్పుడే నాకు రెండు నిమిషాలు పట్టింది. తలుపు దగ్గర మాసేనమ్మ కొక్కెం పట్టుకుని నిలబడి, నేను వచ్చేదాకా కళ్లార్పకుండా చూసింది. భయం లేదని రాయను. ఆమె నా కోసం ఒక్క అంకె కూడా ఆగదు, ఆగకూడదు కూడా.